వెనక నడిచేవాళ్ళు

సోహార్‌లో కూర్చుని స్నో బ్లోయర్ గురించి రాస్తున్నానంటే నవ్వేవాళ్ళు నవ్వచ్చు. ఒమాన్‌లో మంచు కురవడమంటే ఏ జెబెల్ షమ్స్ కొండ నెత్తినో, 3000 మీటర్ల ఎత్తున, ఎప్పుడో ఒకసారి జరిగే వింత. మర్నాడు అందరి ఫోన్లలోనూ ఆ ఫోటోలే తిరుగుతాయి. మా సోహార్ మస్కట్‌కి వాయవ్యంగా 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, బాతినా తీరం మీద ఉంది. ఇక్కడ మేమెరిగిన మంచు డీప్ ఫ్రీజర్ గోడకి పట్టేది ఒక్కటే. అయినా ఆ యంత్రం గురించి నాకు చెప్పాలని ఉంది.

నేను పాతికేళ్ళుగా ఇక్కడ యంత్రాలు అద్దెకిచ్చే ఒక వర్క్‌షాపులో రిపేర్లు చూస్తున్నాను. 2002లో రోటర్‌డామ్ పోర్టు వాళ్ళతో కలిసి ఒమాన్ ప్రభుత్వం సోహార్ పోర్టు మొదలుపెట్టాక ఈ ఊరికి పనులూ, పనులతో మనుషులూ వచ్చిపడ్డారు. మా దగ్గర అద్దెకి పోయే యంత్రాలు రెండు రకాలు. మనిషి ఎక్కి కూర్చుని నడిపేవి, మనిషి వెనకాల నడిచి నడిపేవి. మొదటి రకానికి సీటుంటుంది, నెత్తిన కప్పుంటుంది, ఏసీ కూడా ఉంటుంది. రెండో రకానికి ఇంజనూ హ్యాండిలూ ఉంటాయి. మిగతాదంతా మనిషే. నేలని దిమ్మిస కొట్టే ప్లేట్ కంపాక్టరూ, ఖర్జూరపు తోటల్లో తిరిగే చిన్న టిల్లరూ, పోసిన కాంక్రీటుని నున్నగా తిప్పే పవర్ ట్రోవెలూ ఈ జాతివే. ట్రోవెల్‌ని సైటు మీద ఎవరూ ఆ పేరుతో పిలవరు. కింద రెక్కలు తిరుగుతాయి కాబట్టి అందరికీ అది 'హెలికాప్టర్'.

స్నో బ్లోయర్ కూడా ఈ జాతిదేనని నాకు మినియాపోలిస్‌లో తెలిసింది. మా అమ్మాయి పురిటికని మేమిద్దరం వెళ్ళాం. జనవరి నెల. ఆ ఊళ్ళో మంచు కురవడం ఆగాక 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాటని ఇంటివాళ్ళే శుభ్రం చెయ్యాలిట, లేకపోతే సిటీ వాళ్ళు ఊరుకోరు. అల్లుడు ఆఫీసు పనిమీద ఊరెళ్తూ, "మావయ్యగారూ, పక్కింటాయనకి చెప్పాను, ఆయన తోసేస్తాడు. మీరు బయటికి రాకండి, జారిపడతారు" అన్నాడు. గరాజులో ఇంజనున్న వస్తువొకటి పెట్టి, దాన్ని ముట్టుకోవద్దని నాకు చెప్పడం ఎంతవరకు న్యాయమో మీరే చెప్పండి. మర్నాడు తెల్లారేసరికి అడుగున్నర మంచు. మా ఆవిడ "ఏవండీ" అనేలోపు నేను అల్లుడి కోటు తొడుక్కుని గరాజులో ఉన్నాను.

తెలియనివాళ్ళ కోసం ఆ యంత్రం పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ముందర పళ్ళున్న మర ఒకటి అడ్డంగా తిరుగుతూ మంచుని కొరికి మధ్యలోకి లాగుతుంది. దాని వెనక ఫ్యాను లాంటి ఇంపెల్లర్ ఆ మంచుని అందుకుని, మెడ తిరిగే గొట్టంలోంచి దూరంగా విసిరేస్తుంది. దీన్ని రెండంచెల యంత్రం అంటారు. బరువు వంద కిలోల పైమాటే. కెనడాలో క్వెబెక్‌కి చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో మొదటి స్నో బ్లోయర్ తయారుచేశాడు. ధాన్యం నూర్చే మరని చూసే ఆయనకి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. అదిగో, కళ్ళంలో మొదలైన సంగతే! ఆయనది ట్రక్కు మీద ఎక్కించిన యంత్రం. మనిషి వెనక నడిచేవి 1950ల్లో ఇళ్ళకొచ్చాయి. మినెసోటాలోనే ఉన్న టోరో కంపెనీ ఆ దశకం మొదట్లో, పక్కనున్న విస్కాన్సిన్‌లో ఏరియన్స్ కంపెనీ 1960లో వీటిని తెచ్చాయి.

నేను పరీక్షగా చూసింది ఇంజన్ని కాదు, హ్యాండిల్ని. అల్లుడి గరాజులో రెండున్నాయి. ఒకటి ఆ ఇంటితో పాటు పాత యజమాని వదిలేసిపోయిన ముసలి యంత్రం, రెండోది అల్లుడు కొన్న కొత్తది. రెండూ చేసే పని ఒకటే. వెనక నడిచేవాడికి మాత్రం నేలకీ నింగికీ ఉన్నంత తేడా.

మొదటిది తిప్పడం. పాతదానికి రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉన్నాయి. తిన్నగా బాగానే పోతుంది, మలుపు తిప్పాలంటే వంద కిలోల్నీ జబ్బబలంతో ఈడవాలి. ఒక చక్రానికున్న పిన్ను లాగేస్తే కాస్త సులువవుతుంది, కాని అప్పుడు పట్టు పోయి ఒంటిచక్రం మంచులో తిరుగుతూ కూచుంటుంది. కొత్తదానికి రెండు పిడుల కిందా రెండు మీటలున్నాయి. ఏ వైపు మీట వేలితో నొక్కితే ఆ వైపు చక్రానికి ఇంజను బలం ఆగుతుంది, బండి ఆ వైపుకే తిరుగుతుంది.

ఇది చూడగానే నాకు మా నాన్నగారి టిల్లరు గుర్తొచ్చింది. మాది అమలాపురం దగ్గర. మాకు ఎడ్లు పోయి టిల్లరు వచ్చిన రోజుల్లో దానికీ ఇలాంటి మీటలే ఉండేవి. అయితే అందులో ఒక తిరకాసుంది. చదునుగా ఉన్న చేలో ఎడమ మీట నొక్కితే బండి ఎడమకి తిరుగుతుంది. అదే గట్టు దిగేటప్పుడు ఎడమ మీట నొక్కితే కుడికి పోతుంది. పల్లంలో బండిని ముందుకి తోసేది బరువు, ఇంజను దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. మీట నొక్కిన చక్రానికి ఆ పట్టు వదిలిపోయి అదే ముందు పరిగెడుతుంది. అందుకే మా నాన్నగారు గట్టు దిగేటప్పుడు మీటల జోలికి పోకుండా హ్యాండిల్ పట్టుకునే మళ్ళించేవారు. కొత్తగా పనిలోకొచ్చిన కుర్రాడికి ముందు నేర్పేది ఇదే. యంత్రం తయారుచేసినవాడు పొలం చదునుగా ఉంటుందనుకున్నాడు. పొలానికి గట్టుంటుందన్న సంగతి వెనక నడిచేవాడికే తెలుసు.

రెండోది చెయ్యి. చక్రాలు కదలాలంటే ఒక లివరు, మర తిరగాలంటే ఇంకో లివరు నొక్కి పట్టుకోవాలి. చెయ్యి వదిలితే ఆగిపోవాలి, ప్రాణరక్షణకి అది తప్పదు. అమెరికాలో 1982 నుంచి గడ్డి కోసే యంత్రాలకి చెయ్యి వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలనే నిబంధనే ఉంది. మరి రెండు చేతులూ లివర్ల మీదుంటే మంచుని విసిరే గొట్టాన్ని తిప్పేదెవరు? పాత యంత్రంతో ప్రతిసారీ ఆగి, వంగి, చెంపన ఉన్న కడ్డీని గిరగిరా తిప్పాలి. ఇలాంటి యంత్రాలకి తర్వాత ఒక ఉపాయం వచ్చింది. చక్రాల లివరు పట్టుకుని ఉన్నంతసేపు మర లివరు దానంతటదే కిందికి అంటుకుని ఉంటుంది. రెండో చెయ్యి ఖాళీ! ఆ చేత్తో గొట్టాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. చక్రాల లివరు వదిలామా, రెండూ ఆగిపోతాయి. భద్రత తగ్గలేదు, శ్రమ సగమైంది.

మూడోది చిన్న ప్లాస్టిక్ పుల్ల. నవ్వకండి. మంచు తడిగా ఉంటే గొట్టంలో గడ్డకట్టి ఇరుక్కుంటుంది. మనిషి ఇంజను ఆపేసి చెయ్యి పెట్టి తీస్తాడు. ఇంజను ఆగినా మరలో ఒక్కోసారి బిగువు మిగిలి ఉంటుంది, అడ్డు తీయగానే అది ఒక్క గిరక కొడుతుంది. అలా వేళ్ళు పోయినవాళ్ళు చాలామంది. హెచ్చరికల స్టిక్కర్లు అంటించి చూశారు. చివరికి ఒక పుల్ల చేసి యంత్రానికే తగిలించి అమ్ముతున్నారు. చేతికి అందుబాటులో పుల్లుంటే మనిషి పుల్లే వాడతాడు.

పక్కింటాయన ఇంకొకటి చూపించాడు. ఇంపెల్లర్ రెక్కలకీ దాని చుట్టూ ఉన్న డొల్లకీ మధ్య ఉన్న సందులోంచి తడిమంచు జారిపోయి దూరం పడటం లేదని, రెక్కల చివర్లకి రబ్బరు ముక్కలు బోల్టులతో బిగించాడు. అక్కడ చాలామంది ఇలా చేసుకుంటారట, రబ్బరు ముక్కలు కిట్టుగా కూడా దొరుకుతాయట. దానికి తోడు ఆయన పిడులు వెచ్చగా ఉంటాయి! హ్యాండిల్లో హీటరు పెట్టారు. "ముప్పై ఏళ్ళ కిందట ఇలాంటివేవీ లేవు. అందరం గొణుక్కున్నాం, గొణిగి గొణిగి వేరే కంపెనీది కొన్నాం, అప్పుడు మారాయి" అన్నాడాయన.

ఆ మాట నాతో పాటు సోహార్ వచ్చింది.

దానితో పాటు ఇంకో వస్తువు కూడా అటూ ఇటూ ప్రయాణం చేసింది. గల్ఫ్‌లో ఉన్న ప్రతి తెలుగువాడి దగ్గరా ఉండేదే, సూట్‌కేసు కొక్కేనికి తగిలించి తూచే చిన్న కాంటా. ఊరగాయలూ అరిసెలూ తూచుకుంటూ తీసుకెళ్ళిన ఆ కాంటాని, తోచక, అల్లుడి కొత్త యంత్రం లివరుకి తగిలించి లాగి చూశాను. రెండున్నర కిలోల దగ్గర లివరు పూర్తిగా మూసుకుంది. ఎందుకో ఆ అంకె మనసులో ఉండిపోయింది.

ఎండాకాలంలో ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని చట్టం. ఎండలో కాంక్రీటు కూడా త్వరగా బిగిసి పగుళ్ళిస్తుంది కాబట్టి పెద్ద ఫ్లోర్లన్నీ రాత్రిళ్ళే పోస్తారు. పోసిన కొన్ని గంటలకి, మనిషి నిలబడితే అడుగు కొద్దిగా మాత్రమే దిగే అదను చూసి, హెలికాప్టర్ ఎక్కిస్తారు. అంటే అది తిరిగేది అర్ధరాత్రి దాటాక, మనిషి నిద్రకి తూలే వేళలో.

నేను తిరిగొచ్చిన ఏడాది ఒక గోడౌన్ ఫ్లోరు మీద మా హెలికాప్టర్ ఒకటి అడ్డం తిరిగింది. నడిపేవాడు తడిచోట కాలు జారి హ్యాండిల్ వదిలేశాడు. మామూలుగా అయితే లివరు వదలగానే రెక్కలు ఆగాలి. ఆగలేదు. రెక్కలు కాంక్రీటులో పట్టుకోగానే హ్యాండిలే గిర్రున తిరిగి, పక్కన బకెట్టు పట్టుకున్న బీహారు కుర్రాడి మోకాలి కింద కొట్టింది. ఎముక విరిగింది. తెల్లారి యంత్రం వర్క్‌షాపుకొచ్చాక చూస్తే లివరుకి బైండింగ్ వైరు చుట్టి ఉంది. నొక్కినది నొక్కినట్టు ఉండేలా కట్టేశారన్నమాట. ఆ కాంట్రాక్టరు మర్నాడే ఇంగ్లీషులో, హిందీలో నోటీసు అంటించాడు. లివరు కట్టినవాడికి 10 రియాళ్ళు జరిమానా.

ఆ యంత్రం నడిపింది జగిత్యాల దగ్గరి మనిషి. నాకు పదేళ్ళుగా తెలుసు. శుక్రవారం వాళ్ళ క్యాంపుకెళ్ళాను. గదిలో ఆరుగురు, కింద స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. ఎందుకు కట్టావయ్యా అని అడిగాను.

"లివరు గట్టిగుంటది సార్. గంట వడ్తే ఏం గాదు. రాత్రంత వడ్తే వేళ్ళు మొద్దుబారుతయి. పొద్దున అన్నం ముద్ద చేస్తె జారిపోతది. అందరం కడ్తం సార్, తీగ గట్టనోడు ఒక్కడు లేడు" అన్నాడు. తర్వాత కాసేపాగి, "ఆ పోరనికి ఎట్లున్నది సార్?" అని అడిగాడు.

వర్క్‌షాపుకొచ్చి కాంటా తగిలించాను. ఆరు కిలోలు! మినెసోటాలో ఇంటాయన అరగంట పట్టుకునే లివరు రెండున్నర కిలోలు, ఇక్కడ మనిషి రాత్రంతా పట్టుకునే లివరు ఆరు కిలోలు. ఆ తీగ ఎందుకు కట్టారో తెలుసుకోడానికి ఇంక ఎవరినీ విచారించనక్కర్లేదు. చేతిని అలిసిపోయేలా చేసే రక్షణ ఏదైనా సరే, మనిషి దాన్ని కట్టేస్తాడు. నోటీసు ఏ భాషలో పెట్టినా కట్టేస్తాడు.

నేనూ, మా వెల్డరూ కలిసి విప్పాం. మొదటి దోషి కేబులు. తొడుగులోకి సిమెంటు పొడీ, ఇక్కడి సన్న ఇసకా దూరి కేబులు గరగరలాడుతోంది. కొత్త కేబులు వేసి, రెండు చివర్లా రబ్బరు తొడుగులు వేస్తే నాలుగుకి దిగింది. అంటే మూడో వంతు బరువు డిజైనుది కూడా కాదు, దుమ్ముది. ఇంక లివరు. దాని పొడుగు ఒకటిన్నర రెట్లు చేస్తే లాగే బలం మూడో వంతు తగ్గుతుంది, ఇది తెడ్డు వేసే ప్రతివాడికీ తెలిసిన లెక్కే. కాని పొడుగైన కొద్దీ వేళ్ళు చాచాల్సిన దూరం కూడా పెరుగుతుంది. మన మనుషుల చేతులు చిన్నవి, యంత్రం తయారైన దేశంలో చేతులు పెద్దవి. మొదట చేసిన లివరు జగిత్యాల మనిషి వేళ్ళకి అందలేదు. అందుకని దాన్ని వంచి, పిడికి దగ్గరగా తెచ్చి, నాలుగు వేళ్ళూ ఆనేలా వెడల్పు చేశాం. కాంటా మూడు కిలోల లోపు చూపించింది. చెయ్యి వదిలితే రెక్కలు వెంటనే ఆగుతున్నాయా లేదా అని యాభైసార్లు పరీక్షించాకే బయటికిచ్చాం. ఇది చాలదని చెయ్యి వదిలి హ్యాండిల్ గిరక కొడితే ఇంజన్నే ఆపేసే స్విచ్చు కూడా పెట్టాం. కొత్త మోడళ్ళకి అది ఎలాగూ వస్తుంది, పాతవాటికి మనమే పెట్టాలి.

మొద్దుబారడానికి లివరొక్కటే కారణం కాదు, హ్యాండిల్ అదురు కూడా. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో సున్నపురాయి చెక్కేవాళ్ళ వేళ్ళు తెల్లగా పాలిపోవడం గురించి డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లోనే రాసింది. యూరోపియన్ యూనియన్ 2002లో ఈ అదురుకి హద్దు పెట్టింది. 8 గంటల లెక్కన 2.5 దాటితే యజమాని ఏదో ఒకటి చెయ్యాలి, 5 దాటనే కూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. అదురు రెట్టింపైతే పట్టుకోదగిన సమయం సగం కాదు, నాలుగో వంతే. అయితే వేళ్ళు పాలిపోవడం ఎక్కువగా చలికి బయటపడుతుంది. మా ఎండల్లో ఎవరి వేళ్ళూ తెల్లబడవు. తిమ్మిరి ఒక్కటే, అది చూస్తే కనబడదు. కనబడని జబ్బుకి ఎవరు సెలవిస్తారు? హ్యాండిల్ కింద రబ్బరు బుష్‌లు వేశాం. ఒకళ్ళే రాత్రంతా పట్టుకోకుండా ఇద్దరు వంతులేసుకోమన్నాం. వంతుల సంగతి మా చేతుల్లో లేదు కాబట్టి అది కొన్ని సైట్లలో జరిగింది, కొన్నిట్లో లేదు.

మా మేనేజరు కేరళ మనిషి, మంచివాడు. ఖర్చు కాయితం చూసి, "ఇవన్నీ ఎవరడిగారు?" అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఎవరూ అడగలేదు. మినియాపోలిస్‌లో స్నో బ్లోయర్ కొనేవాడే దాని వెనక నడుస్తాడు. పిడి చల్లగా ఉంటే వాడి వేళ్ళే కొంకర్లు పోతాయి, తిరక్కపోతే వాడి నడుమే పడుతుంది. అందుకని వాడు గొణుగుతాడు, ఆ గొణుగుడు కంపెనీ దాకా పోతుంది. ఇక్కడ యంత్రం కొనేది మేము, అద్దెకి తీసుకునేది కాంట్రాక్టరు, పట్టుకునేది జగిత్యాల మనిషి. వాడి గొణుగుడు క్యాంపు దాటి బయటికి రాదు. మేం కొనేటప్పుడు నింపే కాయితంలో ధర, హార్స్ పవరు, డీజిలా పెట్రోలా, స్పేర్ పార్టులు దొరుకుతాయా - అన్నిటికీ గళ్ళున్నాయి. చేతికి గడి లేదు.

ఆ గడి నేనే గీశాను. 'లివరు పట్టు, కిలోల్లో' అని. అమ్మడానికొచ్చే ఏజెంట్ల ముందు ఇప్పుడు కాంటా తీసి తగిలిస్తాను. మొదట్లో వింతగా చూసేవారు, ఇప్పుడు కొందరు ముందే తూచుకుని వస్తున్నారు. జరిమానా నోటీసు చెయ్యలేని పని ఆ లివరు చేసింది. మార్చిన యంత్రాలు సైటు నుంచి తిరిగొస్తే నేను మొదట చూసేది తీగ కోసం. మూడేళ్ళలో ఒక్కదానికీ లేదు. మార్చనివాటికి ఇంకా ఉంటోంది. కాంట్రాక్టర్లు కూడా "ఆ మెత్త హెలికాప్టర్ ఉందా" అని అడుగుతున్నారు. వాళ్ళకి మెత్తదనంతో పనిలేదు, ఆపరేటర్లు దానికోసం పేచీ పెడుతున్నారు, అంతే. గొణుగుడు ఏ దారినైతేనేం, క్యాంపు దాటింది. బీహారు కుర్రాడు ఆరు నెలలకి నడిచాడు. కొద్దిగా కుంటుతాడు.

జగిత్యాల మనిషి కిందటేడు గల్ఫ్ చాలించుకుని ఇంటికెళ్ళిపోయాడు. రెండెకరాల పొలం ఉంది. మొన్నామధ్య కరీంనగర్లో ఒక షోరూం నుంచి ఫోన్ చేశాడు, టిల్లరు కొనడానికి వెళ్ళాడట.

"ఇంజను ముచ్చట వాళ్ళే చెప్తున్నరు సార్, లివరు ముచ్చట అడిగితే మొఖాలు చూస్తున్నరు. నా సూట్‌కేసు కాంటా తెచ్చి తగిలించిన" అన్నాడు.

"ఎంతొచ్చింది?"

"ఒకటి నాలుగున్నర. ఒకటి మూడుకు తక్కువ. గని అది ఆరువేలు ఎక్కువ చెప్తున్నరు."

"మరి ఏది తీసుకుంటున్నావు?"

"మూడుదే సార్. వట్టేది నేనే గద."